కృత్రిమ పాదం: రోజువారీ వాడకం, సర్దుబాటు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మోకాలి కింద కాలు తీసేసినవాళ్లకు కృత్రిమ పాదాలు అమర్చే పనిలో ఉన్నాను. మనుషులు మారుతున్నా సందేహాలు మాత్రం అవే వస్తున్నాయి, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ‘పాదం బాగోలేదు’ అంటూ వచ్చేవాళ్లలో చాలామందికి నిజానికి పాదంతో ఇబ్బంది ఉండదు. సాక్స్ చాలకపోవడమో, చెప్పు మారడమో, ఎవరో స్క్రూ కదపడమో కారణం అవుతుంది. సాక్స్, చెప్పులు, నడక మీరు చూసుకోవలసినవి. స్క్రూలు, కోణాలు ప్రోస్థెటిస్టు, అంటే కృత్రిమ కాళ్లు అమర్చే నిపుణుడు, చూసుకోవలసినవి. ఇక్కడి జవాబులన్నీ మోకాలి కింద కాలు తీసేసినవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. కాలు తీసేశాక మిగిలిన భాగాన్ని స్టంప్ అనే రాశాను. స్టంప్ దిగే గట్టి గిన్నెలాంటి భాగం సాకెట్, సాక్స్ అంటే స్టంప్‌కు తొడిగేవి.

## మొదటి వారాలు

కొత్త పాదం వచ్చింది. మొదటి రోజే పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేసుకోవచ్చా?

వద్దు. మొదటి రోజు గంట, మహా అయితే రెండు గంటలు. అందులో నిలబడి నడిచే సమయం సగానికి మించకూడదు. తీసిన వెంటనే చర్మం చూసుకుని, బాగుంటే మర్నాడు అరగంటో గంటో పెంచండి. మీ ప్రోస్థెటిస్టు వేరే లెక్క చెబితే అదే పాటించండి. అరికాలికి ఉండే మందం స్టంప్ చర్మానికి ఉండదు, బరువు మోయడం దానికి కొత్త. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లు ఇంకా నెమ్మదిగా పెంచాలి. వాళ్లకు నొప్పి తెలియదు, కంటితో చూసుకోవడం ఒక్కటే దారి.

తీశాక చర్మం ఎర్రగా కనిపిస్తోంది. భయపడాలా?

ఎక్కడ ఎర్రబడింది, ఎంతసేపు ఉంది అన్నది చూడాలి. మోకాలి చిప్ప కింద ఉండే నరంలాంటి గట్టి పట్టీ మీద, పిక్క పక్కల ఎర్రబడటం మామూలే, సాకెట్ బరువు మోపేది అక్కడే. పది, పదిహేను నిమిషాల్లో అది తగ్గిపోవాలి. అరగంట తర్వాత కూడా తగ్గకపోయినా, మోకాలి కింద ముందువైపు తగిలే ఎముక అంచు మీద గానీ, ఎముక చివర గానీ, మోకాలి బయటి వైపు కింద తగిలే చిన్న బొడిపె మీద గానీ ఎర్రబడినా సాకెట్ అక్కడ నొక్కుతోందని అర్థం. ఎరుపు పూర్తిగా పోయేదాకా వేసుకోకండి, చూపించుకోండి. బొబ్బ లేచినా చర్మం చిట్లినా అంతే. చీము, దుర్వాసన, వేడి, జ్వరం ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. స్టంప్ వెనక, అడుగున చూడటానికి చేతి అద్దం వాడండి.

రాత్రి పడుకునేటప్పుడు తీసేయాలా?

తీసేయాలి, చర్మానికి గాలి తగలాలి. ఊతకర్రలు మాత్రం మంచం మీద నుంచే అందేంత దగ్గర పెట్టుకోండి. నిద్రమత్తులో కాలు ఉందనుకుని అడుగు వేసి పడిపోవడం చాలామందికి జరుగుతుంది. మెదడు ఆ పాదాన్ని ఇంకా లెక్కలో ఉంచుకుంటుంది కాబట్టి ఇందులో మతిమరుపు ఏమీ లేదు. మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోవడం హాయిగా ఉంటుంది గానీ, అదే అలవాటైతే మోకాలు వంగి బిగుసుకుపోతుంది. అలా బిగుసుకున్న మోకాలికి పాదం సరిగ్గా అమర్చడం మాకు చాలా కష్టం.

లేని పాదంలో దురద, మంట వస్తున్నాయి. కొత్త పాదం వల్లేనా?

కాదు. తీసేసిన భాగంలో ఏదో తెలుస్తున్నట్టు ఉండటం మామూలు విషయం. చాలామందికి పాదం వేసుకుని తిరగడం మొదలుపెట్టాక తగ్గుతుంది కూడా. నిద్ర పట్టనంత నొప్పి అయితే డాక్టరుకు చెప్పండి, మందులున్నాయి, అద్దం ముందు చేయించే వ్యాయామాలున్నాయి. పాదం వేసుకున్నప్పుడే, ఒకే చోట, షాక్ కొట్టినట్టు వస్తే మాత్రం నరం చివర సాకెట్‌కు తగులుతోందేమో చూడాలి.

## సాకెట్, సాక్స్

పొద్దున బిగుతుగా ఉన్నది మధ్యాహ్నానికి వదులైపోతోంది. సాకెట్ తప్పుగా చేశారా?

చాలావరకు తప్పేమీ ఉండదు. నడుస్తున్నకొద్దీ స్టంప్‌లోని నీరు తగ్గి అది సన్నబడుతుంది. ఆపరేషన్ తర్వాత మొదటి ఏడాది, ఏడాదిన్నర ఇది మరీ ఎక్కువ. అందుకే స్టంప్ సాక్స్ వేర్వేరు మందాల్లో ఇస్తారు. వాటి మందాన్ని ప్లై అంటారు, ఒకటి, మూడు, ఐదు ప్లై సాక్స్ ఎక్కువగా దొరుకుతాయి. బయటికి వెళ్లేటప్పుడు ఒకటి, మూడు ప్లైవి బ్యాగులో వేసుకోండి.

ఎప్పుడు కలపాలో శరీరమే చెబుతుంది. అడుగు ఎత్తగానే సాకెట్ కిందికి జారినట్టు ఉండటం, స్టంప్ చివర నేలకు కొట్టుకున్నట్టు నొప్పి, మోకాలి చిప్ప సాకెట్ ముందు అంచు కంటే లోపలికి దిగిపోవడం కనిపిస్తే స్టంప్ మరీ లోతుకు పోతోంది, ఒక ప్లై కలపండి. దీనికి విరుద్ధంగా, స్టంప్ పూర్తిగా దిగకపోయినా, పిన్ ఉన్న లైనర్ (సాకెట్ లోపల స్టంప్‌కు తొడిగే మెత్తటి తొడుగు) వాడేవాళ్లకు రోజూ వినిపించే క్లిక్కుల కంటే తక్కువ వినిపించినా, ఆ కాలు పొడుగైనట్టు అనిపించినా సాక్స్ ఎక్కువైంది, ఒకటి తీసేయండి. ఒకేసారి మూడు ప్లై మార్చే బదులు ఒక్కొక్కటే మార్చి నాలుగడుగులు వేసి చూడటం మేలు.

ఎన్ని సాక్స్ దాకా కలుపుకుంటూ పోవచ్చు?

మొత్తం 10 ప్లై దాటుతోందంటే ప్రోస్థెటిస్టుకు చెప్పే సమయం వచ్చింది. 15 దాకా వచ్చారంటే సాకెట్ ఇక మీది కాదు. సాక్స్ స్టంప్ చుట్టూ సమానంగా మందం పెంచుతాయి, కానీ స్టంప్ అన్ని వైపులా సమానంగా తగ్గదు. కండ ఉన్నచోట తగ్గుతుంది, ఎముక ఉన్నచోట అలాగే ఉంటుంది. దాంతో ఎముకల మీద ఒత్తిడి పెరిగిపోతుంది.

నడుస్తుంటే సాకెట్‌లోంచి గాలి శబ్దం వస్తోంది. నలుగురిలో ఇబ్బందిగా ఉంది.

సాకెట్‌లో ఖాళీ ఉండి, అడుగు పడ్డప్పుడు గాలి బయటికి తోసుకొస్తోంది. ఒక ప్లై సాక్స్ కలిపితే చాలాసార్లు ఆగిపోతుంది. లైనర్ వేసుకునేటప్పుడు లోపలి వైపు పూర్తిగా బయటికి తిప్పి, అడుగు భాగాన్ని స్టంప్ చివరకు ఆనించి పైకి దొర్లించండి. ప్యాంటులా లాగి తొడుక్కుంటే అడుగున గాలి బుడగ ఉండిపోతుంది.

చెమటకు లైనర్ జారిపోతోంది. పౌడర్ రాసుకోవచ్చా?

పౌడర్ తడిసి ముద్ద కట్టి ఒరుసుకుంటుంది, వద్దు. మధ్యలో ఒకసారి తీసి, స్టంప్‌ను, లైనర్ లోపలి భాగాన్ని పొడి గుడ్డతో తుడుచుకుని మళ్లీ వేసుకోండి. లైనర్ కొత్తలో చెమట బాగా పడుతుంది, కొన్ని వారాలకు చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే చెమట తగ్గించే మందు రాత్రిపూట రాసి పొద్దున కడుక్కునే పద్ధతి ఉంది, చర్మం మీద గాయం లేనప్పుడే, డాక్టరును అడిగి వాడాలి.

స్టంప్ చివర చర్మం ఊదారంగులోకి మారి గరుకుగా అవుతోంది. ఏమిటిది?

సాకెట్ పైన బిగుతుగా ఉండి అడుగున ఖాళీ ఉంటే ఇలా అవుతుంది. చివరకు దిగిన రక్తం, నీరు తిరిగి పైకి పోలేక అక్కడే నిలిచిపోతాయి. కొన్నాళ్లకు చర్మం మొద్దుబారి పులిపిరుల్లా లేస్తుంది. క్రీములతో తగ్గదు, సాకెట్ అడుగు స్టంప్ చివరకు ఆనేలా సరిచేయించాలి. ఇది వాయిదా వేయకండి.

## చెప్పులు, బూట్లు

ఈ పాదానికి ఏ చెప్పులైనా వేసుకోవచ్చా?

సైజు కంటే ముఖ్యమైనది మడమ ఎత్తు. మామూలు పాదం చీలమండ దగ్గర వంగి ఏ ఎత్తుకైనా సర్దుకుంటుంది. కృత్రిమ పాదాలు ఎక్కువ శాతం అలా వంగవు. అమర్చిన రోజు మీరు ఏ బూటుతో వచ్చారో ఆ మడమ ఎత్తుకే కోణం పెడతారు, చాలా పాదాలకు అది ఒక సెంటీమీటరు దగ్గర ఉంటుంది.

అంతకంటే ఎత్తు మడమ వేస్తే పైన ఉన్న సాకెట్ మొత్తం ముందుకు వాలుతుంది. దిగుడులో నడుస్తున్నట్టు ఉండి, మోకాలు మడత పడిపోతుందేమో అనిపిస్తుంది. నిజంగానే మడత పడొచ్చు కూడా. తక్కువ మడమ వేస్తే సాకెట్ వెనక్కి వాలి, ఎప్పుడూ ఎత్తెక్కుతున్నట్టు ఉంటుంది, మోకాలు వెనక్కి తోసుకుంటుంది. ఒకరోజుకు ఏమీ కాదు గానీ నెలల తరబడి అలాగే నడిస్తే మోకాలి కీళ్ల వెనక పట్టీలు సాగిపోతాయి.

అందుకే చెప్పు నచ్చిందని కొనేయకుండా కొలవండి. మడమ కింద అడుగు మందం ఎంత, వేళ్ల మొదళ్ల కింద ఎంత, రెండింటి తేడా ఎంత అన్నదే లెక్క. మడమ బయటికి మూడు సెంటీమీటర్లు కనిపించినా, ముందు భాగం కూడా రెండు సెంటీమీటర్లు ఉంటే ఆ చెప్పు ఎత్తు ఒక సెంటీమీటరే. తేడా తక్కువైతే బూటు లోపల మడమ కింద గట్టి రబ్బరు ముక్క పెట్టి సరిచేయొచ్చు. ఎక్కువైతే ఇంట్లో చేసేదేమీ లేదు, పాదం కోణం మార్పించుకోవాలి. రకరకాల ఎత్తులు తప్పవనుకునేవాళ్లకు బటన్ నొక్కి మడమ ఎత్తు మార్చుకునే పాదాలున్నాయి.

వేళ్లకు తగిలించుకునే చెప్పులు ఫర్వాలేదా?

పాదానికి బొటనవేలు విడిగా ఉన్నా సరే, వెనక పట్టీ లేని చెప్పు జారిపోయినా మీకు తెలియదు. వెనక పట్టీ ఉన్నవి తీసుకోండి.

బూటు పాదానికి ఎక్కడం లేదు. బలవంతంగా తోయాలా?

పాదం మీద పల్చని ప్లాస్టిక్ సంచి తొడగండి, బూటు లేసులు పూర్తిగా వదులు చేయండి, పొడవాటి షూ హార్న్ మడమ వెనక పెట్టి తోయండి. జారినట్టు దిగిపోతుంది, తర్వాత సంచిని లాగేయండి. కాలికి తొడుక్కోక ముందే, పాదాన్ని ఒళ్లో పెట్టుకుని చేస్తే ఇంకా తేలిక. ప్యాంటు కూడా అంతే, ముందు కృత్రిమ కాలికి ఎక్కించి ఆ తర్వాత కాలు వేసుకోండి. స్క్రూడ్రైవర్‌తో బూటు ఎక్కించి పాదం పైతొడుగును చీల్చుకున్నవాళ్లను చూశాను, మీరు ఆ పని చేయకండి.

ఇంట్లో చెప్పులు లేకుండా నడవొచ్చా?

పాదం రకాన్ని బట్టి. జైపూర్ ఫుట్ లాంటివి వట్టి కాళ్లతో నడవడానికి, గొంతుక్కూర్చోవడానికి వీలుగానే రబ్బరుతో తయారయ్యాయి. చీలమండ కదలని సాచ్ పాదం, కార్బన్ ఫైబర్ పాదం బూటు ఎత్తు లెక్కలో ఉంటాయి కాబట్టి చెప్పులు లేకుండా మోకాలు వెనక్కి తోస్తుంది. నున్నటి నేల మీద జారతాయి కూడా. ఇంట్లో వేరే జత పెట్టుకుంటే సరిపోతుంది.

## నడక, మెట్లు, పడిపోవడం

మెట్లు ఎక్కేటప్పుడు ఏ కాలు ముందు?

ఎక్కేటప్పుడు మంచి కాలు, దిగేటప్పుడు కృత్రిమ కాలు. ఒంటిని పైకి లేపే పని, కిందికి నెమ్మదిగా దించే పని రెండూ మంచి కాలే చేయాలి. కొత్తలో ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి, రెయిలింగ్ పట్టుకుని నడవండి.

ఏటవాలు దిగుతుంటే మోకాలు ముందుకు తోసేస్తోంది. ఏం చేయాలి?

చీలమండ కిందికి వంగదు కాబట్టి మడమ ఆనాక పాదం మొత్తం నేలకు ఆనాలంటే పైన కాలు ముందుకు వాలాలి, దాంతో మోకాలు ముందుకు పోతుంది. అడుగులు చిన్నవిగా వేయండి. మరీ వాలుగా ఉంటే పక్కకు తిరిగి, మంచి కాలు ఎత్తు వైపు ఉండేలా దిగండి. ఎక్కేటప్పుడు కూడా మంచి కాలు ఎత్తు వైపే. ఇసుక, బురద, తడి ఆకుల మీద పాదం ఎక్కడ పడిందో మీకు తెలియదు, అలాంటిచోట కర్ర పట్టుకోవడానికి మొహమాటం వద్దు.

పడిపోతే ఎలా లేవాలి?

వెంటనే లేవకండి. దెబ్బ ఎక్కడ తగిలిందో చూసుకోండి. తర్వాత బోర్లా తిరిగి, మోకాళ్ల మీద పాకుతూ కదలని కుర్చీ దగ్గరకు చేరి, రెండు చేతులూ దాని మీద ఆనించి, ముందు మంచి పాదం నేలకు ఆనించి పైకి తోసుకోండి. లేచాక పాదం తీసి, స్టంప్ కమిలిందేమో, పాదంలో పగుళ్లు గానీ కొత్త వంకర గానీ వచ్చాయేమో చూశాకే మళ్లీ నడవండి. ఈ లేవడం ఫిజియోథెరపిస్టు దగ్గర ముందే సాధన చేసి ఉంటే, నిజంగా పడ్డప్పుడు టెన్షన్ సగం తగ్గుతుంది.

కారు నడపొచ్చా?

ఎడమ కాలు కృత్రిమమైతే ఆటోమేటిక్ గేరు కారు చాలామందికి ఇబ్బంది ఉండదు. కుడి కాలు అయితే పెడల్ మీద ఎంత నొక్కుతున్నారో పాదానికి తెలియదు, ఎడమ కాలితో నడిపే యాక్సిలరేటర్ గానీ చేతి కంట్రోళ్లు గానీ పెట్టించుకోవాలి. లైసెన్సు, ఇన్సూరెన్సు నియమాలు ముందే కనుక్కోండి.

## స్క్రూలు, కోణాలు

అలెన్ కీ నా దగ్గరుంది. నేనే కొంచెం తిప్పుకుంటే ఏమవుతుంది?

చీలమండ దగ్గర పిరమిడ్ ఆకారంలో చిన్న లోహపు ముక్క ఉంటుంది. దాన్ని నాలుగు వైపుల నుంచి నాలుగు స్క్రూలు పట్టుకుని ఉంటాయి. ఒకటి వదులు చేసి ఎదుటిది బిగిస్తే పాదం వాలు మారుతుంది. చూడటానికి ఇంతే. కానీ చీలమండ దగ్గర ఒక్క డిగ్రీ మారితే 40 సెంటీమీటర్ల పైన సాకెట్ దాదాపు 7 మిల్లీమీటర్లు జరుగుతుంది. మోకాలికి అది పెద్ద తేడా. పైగా ఆ స్క్రూలను ఇంత బలంతోనే బిగించాలని కంపెనీ లెక్క ఇస్తుంది. దానికి ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ కావాలి, ఊడకుండా పట్టి ఉంచే జిగురు వేయాలి. చేత్తో ‘గట్టిగానే బిగించాను’ అన్నది లెక్క కాదు. తక్కువైతే నడుస్తుండగా ఊడుతుంది, ఎక్కువైతే మర పాడవుతుంది.

మీరు చేయగలిగిన మంచి పని ఒకటుంది. సర్దుబాటు పూర్తయిన రోజే, ప్రతి స్క్రూ తల మీద నుంచి పక్కన లోహం మీదికి నెయిల్ పాలిష్‌తో సన్నని గీత గీయమని అడగండి. వారానికోసారి చూసుకుంటే చాలు. గీత రెండు ముక్కలుగా విడిపోయి కనిపిస్తే స్క్రూ తిరిగిందని అర్థం. నడక తగ్గించి, తీసుకెళ్లి చూపించండి.

సర్దుబాటు అవసరమని నాకెలా తెలుస్తుంది?

ముందు సాక్స్, తర్వాత చెప్పు సరిచూసుకోండి. ఆ రెండూ మారకుండా నడక మారితే అప్పుడు కోణం సంగతి. మీ బూటు అడుగు చూడండి. బయటి అంచు మాత్రమే అరుగుతుంటే పాదం బయటికి వాలి పడుతోంది, లోపలి అంచు అరుగుతుంటే లోపలికి. మడమ ఆనగానే మోకాలు ముందుకు ఉలిక్కిపడటం, వేళ్ల మీదకు వచ్చేసరికి అడ్డం తగిలినట్టు ఆగడం, మంచి కాలి మునివేళ్ల మీద లేచి నడవాల్సి రావడం, కొత్తగా నడుం నొప్పి కూడా చెప్పాల్సినవే. పక్క నుంచి, వెనక నుంచి నడక వీడియో తీసి తీసుకెళ్లండి. క్లినిక్‌లో అందరూ జాగ్రత్తగానే నడుస్తారు, అసలు నడక ఇంట్లో కనబడుతుంది.

పాదం బయటికి తిరిగిపోయింది. చేత్తో తిప్పేసుకోవచ్చా?

వేళ్లు కొద్దిగా బయటికి చూడటం సహజం, మంచి కాలు కూడా అలాగే ఉంటుంది. నిన్న లేనిది ఇవాళ తిరిగితే రెండు కారణాలు. సాకెట్ స్టంప్ మీద తిరిగి ఉండొచ్చు, తీసి మళ్లీ సరిగ్గా వేసుకోండి. అప్పటికీ అలాగే ఉంటే సాకెట్‌ను పాదానికి కలిపే పైపును పట్టుకునే క్లాంప్ వదులైంది. చేత్తో తిప్పితే తిరుగుతోందంటేనే అది నడవడానికి పనికిరాదని అర్థం.

టక్కు టక్కుమంటోంది, కిర్రుమంటోంది. ప్రమాదమా?

కిర్రుమనే శబ్దం చాలాసార్లు కార్బన్ పాదం రబ్బరు తొడుగుకు ఒరుసుకోవడం వల్ల. మధ్యలో వేసే పల్చని సాక్ చిరిగి ఉంటుంది, మార్చితే పోతుంది. ప్రతి అడుగుకీ ఒకే చోట టక్కుమంటే వదులైన స్క్రూ గానీ పగులు గానీ ఉండొచ్చు. అలాంటి పాదంతో మెట్లెక్కకండి.

## నీళ్లు, శుభ్రం

పాదం తడిస్తే పాడవుతుందా?

నీళ్లకు తట్టుకునేలా చేసినవి కొన్ని ఉన్నాయి, మీది ఆ రకమో కాదో అడిగి తెలుసుకోండి. లోపల చెక్క ఉన్న సాచ్ పాదం తడిస్తే ఉబ్బి పాడవుతుంది. తడిసిన ఏ పాదమైనా బూటు తీసి ఆరబెట్టాలి. సముద్రపు నీళ్లు తగిలితే మంచి నీళ్లతో కడిగి ఆరబెట్టండి, తొడుగు లోపల ఇసుక ఉండిపోతే కార్బన్‌ను గీకేస్తుంది.

స్టంప్, లైనర్ ఎప్పుడు కడుక్కోవాలి?

రెండూ రోజూ, రాత్రిపూట. పొద్దున కడిగి వెంటనే వేసుకుంటే తడికి చర్మం మెత్తబడి లైనర్‌కు అతుక్కుని ఒరుసుకుంటుంది. మామూలు సబ్బు చాలు, నురుగు మిగలకుండా కడగండి. లైనర్ లోపలి వైపు బయటికి తిప్పి కడిగి, నీడలో ఆరబెట్టండి. వేసుకునే ముందు నూనె, క్రీము రాయకండి. స్టంప్ మీద వెంట్రుకలు గీయకండి, అవి లోపలికి పెరిగి కురుపులవుతాయి. ఇదంతా చేస్తూ రెండో పాదాన్ని మరిచిపోకండి, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు. వేళ్ల మధ్య, అరికాలు రోజూ చూసుకోవాలి.

## అరుగుదల, మార్పు

పాదం ఎన్నేళ్లు వస్తుంది?

మీరెంత నడుస్తారన్నదాని మీద ఆధారపడుతుంది. ఐఎస్‌ఓ 10328 ప్రమాణం ప్రకారం పాదాన్ని మెషీన్ మీద మడమకూ వేళ్లకూ మార్చి మార్చి 20 లక్షల సార్లు బరువు పెట్టి పరీక్షిస్తారు. రోజుకు ఒక కాలితో 2,500 అడుగులు వేసే మనిషి రెండేళ్ల రెండు నెలల్లో అంత నడిచేస్తాడు. ఆ రోజుకు విరిగిపోతుందని కాదు, అక్కడి నుంచి కన్నేసి ఉంచాలని. మడమ స్పాంజి అణిగిపోయి తిరిగి లేవకపోవడం, తొడుగు చీలడం, కార్బన్ పొరలు అంచుల్లో విడిపోవడం కనిపిస్తే కాలం చూడకుండా మార్చాలి. ఏ ఇబ్బందీ లేకపోయినా ఆరు నెలలకోసారి చూపించుకోండి.

బరువు పెరిగాను. పాదానికి తేడా పడుతుందా?

పడుతుంది. ప్రతి పాదానికీ ఇంత బరువు దాకా అన్న పరిమితి ఉంటుంది, కార్బన్ పాదాల గట్టిదనం మీ బరువును బట్టే ఎంచుతారు. ఐదారు కిలోలు మారితే సాకెట్ బిగింపు కూడా మారిపోతుంది. రోజూ బరువులు మోసే పని చేసేవాళ్లు ఆ మోతను కూడా కలిపి చెప్పాలి. చాలామంది ఈ సంగతి చెప్పనే చెప్పరు.

నా పాత పాదం ఇంకొకరికి ఇవ్వొచ్చా?

నేరుగా ఇవ్వకండి. సాకెట్ మీ స్టంప్ కొలతకు పోత పోసింది, ఇంకొకరికి పుండ్లు పడతాయి. పాదం, పైపు, వాటిని కలిపే అడాప్టర్ మాత్రం మీకు అమర్చినచోట ఇస్తే విప్పి, పరీక్షించి, అవతలి మనిషి సైజు, బరువు, ఏ వైపు కాలు అన్నవి కుదిరితే వాడగలరు. ఇచ్చేటప్పుడు ఎన్నాళ్లు వాడారో, ఎప్పుడైనా పడ్డారో కూడా చెప్పండి.